పట్టుకోని బంతి

ఇటుక పట్టుకోవడం ఒకరు నేర్పితే వచ్చేది కాదు. కింద నిలబడ్డ మనిషి పైకి విసురుతుంది, పరంజా మీద ఉన్నవాడు అందుకుంటాడు. వచ్చే ఇటుకను కళ్ళప్పగించి చూసేవాడు ఎప్పటికీ మేస్త్రి కాలేడు. చెయ్యి దానంతట అదే చాపుకోవాలి, ఇటుక వచ్చి అందులో వాలాలి, అదే ఊపులో గోడ మీద కూర్చోవాలి. నేను బతుకంతా చేసింది ఆ పనే. కింద నుంచి విసిరింది నా భార్య. పెళ్ళికి ముందు కూడా తనే విసిరేది. మా మధ్య ప్రేమ కబుర్లు ఏమైనా నడిచాయంటే అవే. తను విసిరింది ఒక్కటీ కింద పడలేదని ఇప్పటికీ అందరికీ చెబుతుంది. నేను చెప్పను. నాకు మాట్లాడటం అంతగా రాదు.

ఆ లోటు నా బావమరిది తీరుస్తాడు. నా భార్యకు తమ్ముడు. బట్టలు కుట్టే పని. నోట్లో గుండుసూదులు పెట్టుకుని కూడా ఆపకుండా మాట్లాడగలడు. మా వీధి చివరే అతని కొట్టు. పని మానేశాక నేను పొద్దున్నే వెళ్ళి అక్కడి బల్ల మీద కూర్చుంటాను. అతను మాట్లాడతాడు, మిషను మాట్లాడుతుంది, నేను వింటాను. అలా ముగ్గురికీ పొద్దుపోతుంది.

ఆ మధ్య అతనికి ఒక పిచ్చి పట్టుకుంది. గాలితో బంతులు విసిరే గొట్టం. ఎక్కడో చూసి వచ్చాడు. ఒక పెద్ద డబ్బాలాంటి గొట్టంలోకి సైకిల్ పంపుతో గాలి ఎక్కించాలి. దానికి ముందు ఒక వాల్వు, వాల్వుకు ముందు ఇంకో పొడుగాటి గొట్టం, అందులో టెన్నిస్ బంతి. వాల్వు టక్కున తిప్పితే లోపలి గాలి అంతా ఒక్కసారి బయటపడి బంతిని తోసేస్తుంది. మొదట ప్లాస్టిక్ గొట్టాలతో చేశాడు. కుళాయిల పని చేసే స్నేహితుడొకడు చూసి, నీళ్ళు నింపే ప్లాస్టిక్ గొట్టంలో గాలి బిగిస్తే అది పగిలినప్పుడు కత్తుల్లా చీలి ఒళ్ళంతా దిగుతుందని చెప్పాడు. వేరేవాడైతే చూద్దాంలే అనేవాడు. మా వాడు ఆ సాయంత్రమే దాన్ని రంపంతో ముక్కలు కోసి పారేసి, మందపాటి ఇనప గొట్టాలతో మళ్ళీ మొదలుపెట్టాడు. గాలి ఎంత ఎక్కిందో చూపించే మీటరు పెట్టాడు. దాని అద్దం మీద ఒక ఎర్ర గీత గీశాడు. ముల్లు ఆ గీత దాటకూడదు. అతను మొండివాడు. బట్ట కత్తిరించేటప్పుడు కూడా సుద్దగీత మీద నుంచి నూలుపోగంత పక్కకు పోడు.

ఆదివారాలు ఊరి చివర ఖాళీ మైదానంలో ఆ గొట్టం పేల్చేవాడు. చూడ్డానికి జనం వచ్చేవారు. వాళ్ళను ఒక తాడు వెనక నిలబెట్టేవాడు. గొట్టం ముందు ఎవరూ ఉండకూడదు, పక్కన కూడా ఉండకూడదు, వాల్వు తిప్పేవాడి కళ్ళకు అద్దాలు ఉండాలి. మెడలో ఈల. ఈల ఊది, "వెనక్కి" అని అరిచి, అప్పుడు గానీ వాల్వు ముట్టుకోడు. మైదానంలో కుక్క పరుగెత్తినా సరే, గాలి వదిలేసి మళ్ళీ మొదటి నుంచి పంపు కొట్టేవాడు.

ఒకసారి నాకు విసుగేసి, ఇది బంతా, బాంబా అని అడిగాను.

"బయల్దేరేటప్పుడు బాంబు, చేరేటప్పుడు బంతి, బావా" అన్నాడు.

మాట బాగుంది గానీ అర్థం కాలేదు. చేసి చూపించాడు. పాత కుర్చీ చెక్క ఒకటి గొట్టం ముందు దగ్గరగా నిలబెట్టి బంతి వదిలాడు. చెక్క రెండు ముక్కలైంది. అలాంటి చెక్కనే మైదానం అవతలి చివర నిలబెట్టి మళ్ళీ వదిలాడు. బంతి వెళ్ళి దానికి తగిలి, తలుపు తట్టినట్టు తట్టి, కింద పడింది. గాలి అంటే ఖాళీ అనుకుంటాం గానీ ఖాళీ కాదట. బంతి ఎంత జోరుగా పోతే గాలి అంత గట్టిగా అడ్డం పడుతుందట. జోరు రెండింతలైతే అడ్డు నాలుగింతలట. తేలికైన వస్తువును గాలి తొందరగా లొంగదీస్తుంది, బరువైనదాన్ని అంత తేలిగ్గా లొంగదీయలేదు. ఇదంతా చెప్పి, బంతి కడుపు కోసి అందులో తడి ఇసుక కూరి, కాన్వాసు గుడ్డ తొడిగి కుట్టి, అది కూడా వదిలి చూపించాడు. అది గొట్టం లోంచి కాస్త నెమ్మదిగానే బయటపడింది. కానీ మైదానం దాటి, అవతలి తుప్పల్లోకి వెళ్ళిపోయింది. దాన్ని వెతకడానికే పూటంతా పట్టింది.

తేలిక బంతి అవతలి చివరికి చచ్చి చేరుతుందని తెలిశాక నా చేతులు ఊరుకోలేదు. ఇంకో ఆదివారం అతను చూడకుండా మైదానం ఆ చివరకు పోయి నిలబడ్డాను. బంతి వచ్చింది. చెయ్యి చాపాను. వచ్చి వాలింది. జనం చప్పట్లు కొట్టారు. నా భార్య అందరికంటే గట్టిగా కొట్టింది. మా వాడు మాత్రం గొట్టం కింద పెట్టి నా దగ్గరికి నడిచి వచ్చాడు. మొహం మాడ్చుకుని ఉన్నాడు.

"నీ చేతులు మంచివే బావా. బంతికి ఆ సంగతి తెలీదు" అన్నాడు. ఆ రోజు ఇక గొట్టం పేల్చలేదు. సామాను మూట కట్టుకుని వెళ్ళిపోయాడు. నాలుగు రోజులు కొట్టులో మిషను ఒక్కటే మాట్లాడింది.

ఇది జరిగిన కొన్నాళ్ళకు వానలు పట్టుకున్నాయి.

మా ఊరి పక్కన ఏరుంది. ఏటి మధ్యలో ఒక దిబ్బ, దాని మీద పంపుహౌసు. ఊరికి నీళ్ళు తోడేది అదే. దాని గోడలు వయసులో ఉండగా నేను కట్టినవే. అక్కడి వాచ్‌మన్ ఒక పొద్దున వచ్చి, గోడ మూల పగులు విచ్చుకుంటోంది, ఒకసారి వచ్చి చూడు మేస్త్రీ అని పిలిచాడు. తాపీ సంచిలో వేసుకుని వెళ్ళాను. గట్టు నుంచి దిబ్బకు ఇనప కాలిబాట వంతెన ఉంది. అప్పటికి నీళ్ళు దానికి బాగా కిందే ఉన్నాయి.

పగులు చూశాను. గోడలో ఏ లోపం లేదు, కింద మట్టి జారుతోంది. ప్రస్తుతానికి నాలుగు మూటల ఇసుక అడ్డం వేస్తే నిలుస్తుందని చెప్పాను. వాచ్‌మన్ ఇసుక మూటలకు గట్టు మీదకు వెళ్ళాడు. ఆ కాస్తలోనే ఎగువన ఎక్కడో ఏదో కట్ట తెగింది. ముందు చప్పుడు వచ్చింది, తర్వాత నీళ్ళు వచ్చాయి. నీళ్ళతో పాటు ఒక పెద్ద చెట్టు మొదలంటా కొట్టుకొచ్చి వంతెనకు అడ్డం పడింది. వంతెన వంగి, మూలిగి, వెళ్ళిపోయింది. నేను ఇనప మెట్లు పట్టుకుని పంపుహౌసు శ్లాబు మీదకు ఎక్కాను.

అక్కడ మోకాలెత్తు పిట్టగోడ ఉంది. గట్టుకు అవతలివైపు చివరన ఇనప స్తంభానికి ఒక రేకు బోర్డు: ఇచ్చట ఈత కొట్టరాదు. నాకు ఆ ఉద్దేశం ఏమీ లేదు.

వాన చినుకు ఆగలేదు గానీ పలచబడింది. గట్టు మీద జనం పోగయ్యారు. ఫైరు వాళ్ళు పడవతో వచ్చారు. ప్రవాహం, అందులో దొర్లుకొచ్చే మొద్దులు చూసి వాళ్ళ పెద్ద తల అడ్డంగా ఊపాడు. పడవకు పట్టు కావాలి. గట్టు నుంచి దిబ్బకు ఒక మోకు కట్టగలిగితే, దాన్ని పట్టుకుని పడవ రావచ్చు. మోకు కట్టాలంటే ముందు ఒక సన్నతాడు నా చేతికి అందాలి. వాళ్ళు తాడు సంచి చేత్తో విసిరారు. బలవంతులే, బాగానే విసిరారు. ఎదురుగాలికి సగం దారిలో పడిపోయింది. మళ్ళీ విసిరారు. మళ్ళీ అక్కడే. తాళ్ళు పేల్చే యంత్రం వాళ్ళకూ ఉందట. ఆ రోజు ఊళ్ళన్నీ మునిగి అది ఎక్కడో వేరే చోట పనిలో ఉంది.

నేను కూర్చుని గోడను వింటున్నాను. గోడ లోపల ఇటుక కదిలితే మేస్త్రికి తెలుస్తుంది. పాదాల్లోంచి తెలుస్తుంది. మూల వైపు ఒక్కొక్కటీ జారుతోంది. నేను కట్టిన గోడే అయినా, కింద నేల లేకపోతే ఏ గోడ మాత్రం ఏం చేస్తుంది. భయం వేసింది. అబద్ధం చెప్పను. భయం కంటే ఎక్కువగా, గట్టు మీద చిన్నగా కనిపిస్తున్న నా భార్యను చూస్తే మనసు పిండేసినట్టు అయింది. తను గొడుగు కూడా వేసుకోలేదు.

అప్పుడు మా వాడు వచ్చాడు. సైకిలు మీద వెనక ఇనప గొట్టం, ముందు బట్టలు తడిపే తొట్టి, మెడలో ఈల.

ఇక్కడి నుంచి గట్టు మీద జరిగింది నేను కళ్ళతో చూశాను గానీ చెవులతో వినలేదు. ఏటి హోరులో ఏదీ వినబడలేదు. తర్వాత నా భార్య, వాచ్‌మన్ చెబితే తెలిసిన మాటలు ఇవి.

ఫైరు పెద్ద గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇది అంత దూరం పోతుందా అని అడిగాడట. బంతి పోతుంది, తాడును మోసుకుని పోతుందో లేదో చూడాలి అన్నాడట మా వాడు. ఇసుక బంతికి గుడ్డతో ఒక మడత కుట్టి, దానికి సన్న నైలాను తాడు కట్టి, తాడు కండెను పక్కన కర్రకు తొడిగి వదిలాడు.

నేను చూస్తున్నాను. గొట్టం దగ్గర తెల్లగా ఆవిరిలాంటిది లేచింది. నల్లటి చుక్క ఒకటి పైకి లేచి నావైపు రావడం కనబడింది. నేను లేచి నిలబడ్డాను. చేతులు రెండూ చాపాను. అవి అడిగి చాపుకోలేదు. బంతి దారిలోనే ఒక పక్కకు లాగబడి, నీళ్ళలో పడింది.

గట్టు మీద జనం అందరూ ఒకే మాట అన్నారట. గాలి ఇంకా ఎక్కించమని. ఎర్ర గీత దాటించమని. మా వాడు వినలేదు. గీత దాటితే గొట్టం పగిలి ఇక్కడున్నవాళ్ళే పోతారని చెప్పి, జోరు చాలక కాదు, తాడు లాగేస్తోంది అన్నాడట. కండె తిరగడానికే బంతి బలం సగం అయిపోతోంది. మిగతా సగం గాలి తింటోంది. కొట్టులో దారం ముడిపడకుండా ఎలా వేసుకుంటాడో అలా, తాడు మొత్తం కండె నుంచి విప్పి, తొట్టిలో ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు మడతలు మడతలుగా పరిచాడు. ఏ మడతా ఇంకో మడత మీద బిగుసుకోకుండా, ఓపికగా. వానలో, అందరూ తొందరపెడుతుంటే. తాడు కూడా ఇంకా సన్నది తీసుకున్నాడు. గొట్టం మూతి కొద్దిగా దించాడు. ఎదురుగాలి రోజున బంతిని మరీ ఎత్తుకు పంపితే గాలికి తినడానికి ఎక్కువసేపు దొరుకుతుందట.

దూరం నుంచి నాకు అదంతా అతను తొట్టి దగ్గర కూర్చుని ఏదో ఏరుకుంటున్నట్టు కనబడింది. ఈ మనిషి ఇప్పుడు కూడా కొలతలు చూసుకుంటున్నాడా అనుకున్నాను. నా కింద మూల గోడ ఒకటి నీళ్ళలోకి ఒరిగిపోయింది. శ్లాబు ఒకవైపుకు కాస్త దిగింది.

మళ్ళీ పంపు కొట్టారు. ముల్లు గీత దగ్గరికి వచ్చింది. మా వాడు అద్దాలు పెట్టుకుని, ఈల నోట్లో పెట్టుకున్నాడు. నేను లేచి నిలబడ్డాను. కాళ్ళు ఎడంగా పెట్టి, చేతులు చాపి, పరంజా మీద నిలబడ్డట్టే నిలబడ్డాను. ఈసారి వదలకూడదనుకున్నాను. మైదానంలో పట్టుకోలేదా అనుకున్నాను.

నా భార్య తమ్ముడి చెయ్యి పట్టుకుంది.

"ఒరేయ్, ఆగు. ఆయన పట్టుకుంటాడు."

పట్టుకుంటే మంచిదేగా అన్నాడట వాచ్‌మన్. తను అతనివైపు కూడా చూడలేదట.

"నేను విసిరింది ఆ మనిషి ఒక్కటీ వదల్లేదురా. వచ్చేదేదైనా పట్టుకుంటాడు. అది ఇసుక బంతి."

మా వాడు అద్దాలు తీసి నావైపు చూశాడు. నా చాపిన చేతులు చూశాడు. వాల్వు మీద నుంచి చెయ్యి తీసేశాడు.

"ఇవాళది చేరేటప్పుడు కూడా బంతి కాదక్కా" అన్నాడట.

ఫైరు పెద్దకు ఓపిక పోయింది. పోదూ మరి. కళ్ళముందు గోడ పడింది, మిగతాది ఎప్పుడు పడుతుందో తెలియదు. తల మీదుగా పంపించు అన్నాడు. గాలి ఇలా మారుతుంటే తల మీదుగా పోతుందో తలకే పోతుందో చెప్పలేను అన్నాడు మా వాడు. మనిషి నిలబడి ఉండగా వదలనన్నాడు.

"ఆలస్యమైతే మనిషే ఉండడు" అన్నాడు ఫైరు పెద్ద.

"తగిలినా ఉండడు సార్."

ఆ పెద్ద మంచివాడు. అహానికి పోలేదు. మైకు తెప్పించి, పడుకోండి, పడుకోండి అని తనే అరిచాడు. నాకు వినబడలేదు. చేతులు ఊపారు. చేతులు ఊపితే నేనూ ఊపాను, సిద్ధంగా ఉన్నానని. వాళ్ళు కిందకు చూపిస్తే, బంతి కింద నుంచి వస్తుందేమోనని కాస్త వంగి నిలబడ్డాను. ఇంకా ఎందుకు వదలరని కోపం వచ్చింది. నా జన్మలో అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు. విసరండిరా అని అరిచాను. అదీ వాళ్ళకు వినబడలేదట. వినబడకపోవడమే మేలు.

అప్పుడు చూశాను. నా భార్య జనంలోంచి పక్కకు వచ్చి, గట్టు అంచున ఖాళీ చోట నిలబడింది. నిలబడి, ఒక్కసారిగా బురదలో బోర్లా పడింది.

చాపిన చేతులు అలాగే ఉండిపోయాయి. తను పోయిందనే అనుకున్నాను. నేను ఇవతల, తను అవతల, మధ్యలో ఏరు. ఎవరూ తనను లేపడానికి పోవడం లేదు. ఎందుకు పోవడం లేదో అర్థం కాలేదు. తర్వాత తనే లేచింది. ఒళ్ళంతా బురద. చెయ్యెత్తి నన్ను చూపించింది. తర్వాత రెండు చేతులూ గాల్లోకి చాపింది, నేను ఎలా చాపానో అచ్చం అలాగే. కాదు కాదని తల ఊపింది. ఆ చేతులు రెండూ పొట్ట కిందకు దాచుకుని, మళ్ళీ బోర్లా పడుకుంది. మొహం మట్టిలో పెట్టేసింది.

మోకాళ్ళ నొప్పులతో మంచం దిగడానికి గోడ పట్టుకునే మనిషి. ఊరందరి ముందు అలా పడుకుని, లేవలేదు. నేను పడుకునేదాకా లేవదని నాకు అర్థమైంది.

వచ్చేదాన్ని చూడకుండా పడుకోవడం ఎంత కష్టమో ఆ వేళ తెలిసింది. చేతులు పొట్ట కిందకు పెట్టుకున్నాను. అవి అక్కడ ఉండనన్నాయి. నా బరువంతా వాటి మీద వేశాను. చెంప తడి సిమెంటుకు ఆనింది. కింద ఇటుకలు కదిలే చప్పుడు ఇప్పుడు నేరుగా చెవిలోకే వచ్చింది. కళ్ళు మూసుకుని నా భార్య మొహం మట్టిలో ఉందని మాత్రం తలుచుకున్నాను.

ఈల వినబడిందో, వినబడిందని అనుకున్నానో చెప్పలేను. తల మీద గాలి చిరిగినట్టు ఒక శబ్దం పోయింది. వెనకాల రేకు బోర్డు ఫెడేల్మని మోగింది. ఆ తర్వాత నా వీపు మీద, ఒక భుజం నుంచి ఇంకో భుజానికి, మెత్తగా ఏదో వచ్చి వాలింది. చొక్కా కొలత తీసుకునేటప్పుడు నా బావమరిది టేపు వేస్తాడు చూడండి, అచ్చం అలా.

అప్పుడు చేతులు బయటికి తీశాను.

సన్నతాడు లాగితే దాని చివర లావుతాడు వచ్చింది, లావుతాడు చివర మోకు వచ్చింది. పంపు ఎత్తడానికి శ్లాబులో వేసిన ఇనప కమ్మి కాంక్రీటులో లోతుగా పాతి ఉంది. పాతినవాణ్ణి నేనే కాబట్టి దాన్ని నమ్మాను. పరంజాకు వేసే ముడి వేశాను. వేళ్ళు పదీ పనిచేశాయి. తర్వాత పడవ మోకు పట్టుకుని వచ్చింది. ఇద్దరు కుర్రవాళ్ళు నన్ను పిల్లాణ్ణి దించినట్టు దించారు. దిగేముందు ఆ బోర్డువైపు చూశాను. ఈత అన్న మాట ఉన్నచోట చిన్న గిన్నె పట్టేంత లోతున సొట్ట పడి ఉంది. స్తంభం కూడా వెనక్కి వాలింది. బంతి కుట్టు తెగి ఏట్లో పడిపోయినట్టుంది. ఆ బోర్డు నా ఛాతీ ఎత్తున ఉంటుంది. నేను నిలబడి చేతులు చాపింది దాని ముందే.

గట్టు మీద ఎవరో దుప్పటి కప్పారు. నా భార్య వచ్చి నా చేతులు తిప్పి తిప్పి చూసింది, కూరగాయలు ఏరేటప్పుడు చూసినట్టు. తన ముక్కు మీద బురద ఉంది. నేను తుడిచాను. జనం చూస్తున్నారు, చూడనీ అనుకున్నాను. ఫైరు పెద్ద వచ్చి నా భుజం తట్టి, మీ ఇంటావిడ మైకు కంటే నయం అన్నాడు.

మా వాడు గొట్టంలో మిగిలిన గాలి వదిలి, తొట్టి కడుగుతున్నాడు. తల ఎత్తడం లేదు. దగ్గరికి వెళ్ళాను. చెప్పాల్సింది చాలా ఉంది.

"నీ బంతి ఏట్లో పోయిందిరా" అన్నాను.

"పోనీలే బావా. ఇంకోటి కుడతాను" అన్నాడు. అని, అటు తిరిగి చాలాసేపు ఈల తుడుచుకున్నాడు. తర్వాత కొట్టులో ఇద్దరమూ ఆ సంగతి ఎత్తలేదు. అతను మాత్రం మామూలుగానే గుండుసూదులు నోట్లో పెట్టుకుని లోకం సంగతులన్నీ మాట్లాడాడు. నేను విన్నాను. ఇదివరకు విన్నదాని కంటే శ్రద్ధగా విన్నాను. అది అతనికి తెలిసిందో లేదో.

వానలు తగ్గాక ఒక పని పెట్టుకున్నాను. మైదానం అవతలి చివర, ఇసుక బంతులు తుప్పల్లోకి పోకుండా, అటు నడిచేవాళ్ళకు తగలకుండా, ఒక గోడ కట్టాలి. ఆపేసే గోడ. మందంగా, ముందు ఇసుక మూటలతో. ఎవరూ అడగలేదు. కట్టాలనిపించింది. మా వాడు టేపు పట్టుకుని పొడవు కొలిచాడు, నా పరంజా కర్రలు రెండుసార్లు ఊపి చూసి గానీ నన్ను ఎక్కనివ్వలేదు. ఈ గోడకు కాజాలు ఎక్కడ పెట్టమంటావు అని నేను అడిగితే, నీ నోటికి పెట్టించుకో బావా, అసలు తెరుచుకోవడం లేదు అన్నాడు.

గోడ నడుం దాటి, నేను పరంజా ఎక్కాల్సి వచ్చింది. కింద నా భార్య ఇటుకల పక్కన నిలబడింది. చాలా ఏళ్ళ తర్వాత. ఒక ఇటుక తీసుకుంది. చేతిలో బరువు చూసుకుంది. విసరలేదు. పరంజా దగ్గరికి వచ్చి, మునివేళ్ళ మీద లేచి, నా చేతికి అందించింది. రెండోదీ అలాగే. ప్రతిసారీ నా వేళ్ళవైపు చూస్తోంది.

ఇలా అయితే ఈ ఏడాది గోడ తెమలదు. అదీ గాక, దాచిపెట్టి కాపాడిన చేతులు ఊరికే పెట్టుకోవడానికి కాదు కదా.

"విసురు" అన్నాను.

"పట్టుకుంటావా?"

చేతులు చాపాను. తను ఒక అడుగు వెనక్కి వేసింది. ఇటుకను నడుం దగ్గర ఊపింది, ఎప్పటి ఊపే. ఇంతలో పక్కనుంచి ఈల మోగింది. మా వాడు చెయ్యి అడ్డం పెట్టి నిలబడ్డాడు.

"ఆగక్కా. బావా, కళ్ళద్దాలు."

ఇటుక పట్టుకోవడానికి కళ్ళద్దాలు పెట్టుకున్న మేస్త్రిని లోకంలో ఎవరూ చూసి ఉండరు. అతను ఎక్కి వచ్చి తన అద్దాలు నా చెవులకు తగిలించాడు, కాలరు సరిచేసినట్టు సరిచేశాడు, దిగి తాడు వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. వెళ్ళి, "వెనక్కి" అని అరిచాడు. అతను తప్ప అక్కడ వెనక్కి జరగాల్సినవాళ్ళు ఎవరూ లేరు.

నా భార్య నవ్వు ఆపుకుని విసిరింది. ఇటుక పైకి లేచింది. గాలి దాన్నేమీ చేయలేదు. తను ఎంత బలంగా పంపిందో అంత బలంతోనే వచ్చి, నా చేతుల్లో వాలింది.